బతికున్నావిడకి రెండు నిమిషాల మౌనం

సభల్లో నోరు జారినవాళ్ళని మీరు చాలామందినే చూసి ఉంటారు. పెళ్ళికూతురి పేరు మార్చి చదివిన పురోహితుణ్ణి, ముఖ్య అతిథిని వదిలేసి ఆయన డ్రైవరు మెడలో దండ వేసిన కార్యదర్శిని కూడా చూసి ఉంటారు. వాళ్ళంతా నా ముందు పసిపిల్లలండి. నేను నిండు సభలో మైకు పట్టుకుని, ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషి ఆత్మకు శాంతి కలగాలని కోరుకున్నాను. కోరుకుని ఊరుకున్నానా? ఆవిణ్ణి కూడా లేపి నిలబెట్టి, ఆవిడ కోసం ఆవిడ చేతే మౌనం పాటింపజేశాను. తర్వాత జరిగినదాంతో పోలిస్తే ఇది చాలా చిన్న సంగతి. పక్కన మంచినీళ్ళు పెట్టుకుని చదవండి. పొలమారితే నా పూచీ లేదు.

అప్పటికి సైకాలజీలో ఎం.ఎ. పూర్తిచేసి రామచంద్రపురంలో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరరుగా కొత్తగా చేరాను. గెస్ట్ అంటే ఎప్పుడు పొమ్మంటే అప్పుడు చెప్పులేసుకుని బయల్దేరాల్సిన మనిషి అని అర్థం. మా సైకాలజీ గ్రూపు అమ్మాయిలంతా కలిసి ఒక ఆటోలో పట్టేసేవారు. మన ఊళ్ళలో ఆటోలో ఎంతమంది పడతారో మీకు తెలుసు కాబట్టి మరీ తక్కువ అనుకోరు. ప్రిన్సిపాల్ మూర్తిగారు మాత్రం అనుకున్నారు.

"శిరీషగారూ, ఈ ఏడు కొత్తగా పిల్లలు చేరకపోతే గ్రూపు ఎత్తేస్తారండి" అన్నారు ఓ రోజు నన్ను పిలిచి. "సైకాలజీ అంటే పిచ్చివాళ్ళ చదువు అనుకుంటున్నారు జనం. 'మా పిల్లకి అంత ఖర్మేం పట్టిందండీ' అని నన్నే నిలదీస్తున్నారు. ఏదో ఒకటి చెయ్యండి."

గ్రూపు పోతే గెస్టూ పోతుంది. అందుకని ఆ రాత్రి బుర్ర బద్దలుకొట్టుకుని ఒక సభ తలపెట్టాను. పేరు 'మనస్తత్వ శాస్త్రంలో తొలి మహిళలు'. చుట్టుపక్కల ఇంటర్ పాసైన అమ్మాయిల్నీ వాళ్ళ అమ్మానాన్నల్నీ పిలిచి, ఈ చదువులో ఎంత గొప్ప ఆడవాళ్ళున్నారో చెప్పి, అందరి కళ్ళూ చెమర్చాక అప్లికేషన్లు పంచాలన్నది నా పథకం.

చెప్పడానికి సరుకు బోలెడంత ఉంది. డాక్టరేటుకి కావలసిన చదువంతా చదివి, పరీక్షలో మగవాళ్ళని మించినా, ఆడమనిషివి కాబట్టి పట్టా ఇవ్వం పొమ్మన్నారు ఒకావిణ్ణి. ఆవిడ పట్టా లేకుండానే పెద్ద పెద్ద పట్టాదారులున్న సంఘానికే అధ్యక్షురాలైంది. నెలనెలా ఆ రోజుల్లో ఆడవాళ్ళ బుర్ర మందగిస్తుందని పండితులు ఘంటాపథంగా చెబుతుంటే, ఇంకొకావిడ ఓపిగ్గా నెలల తరబడి పరీక్షలు పెట్టి, మందగించింది ఆ పండితుల బుర్రేనని తేల్చింది. మరొకావిడ పసిపిల్లల ముందు నల్లబొమ్మ, తెల్లబొమ్మ పెట్టి ఏది మంచిదని అడిగి, వాళ్ళ జవాబులతో ఒక దేశం సిగ్గుపడేలా చేసింది. అయితే వీళ్ళంతా పరాయి దేశాలవాళ్ళు. 'మనవాళ్ళలో ఎవరూ లేరా అమ్మా?' అని ముందు వరసలో ఏ తండ్రో అడిగితే?

అప్పుడు కనబడింది, మా డిపార్ట్‌మెంటు గదిలో బీరువా పైనున్న ఫోటో. నేతచీర, నల్లటి కళ్ళజోడు, ఎదుటివాళ్ళ లోపల ఏముందో చదివేసే చూపు. ఫోటోకి గంధపు చెక్కల దండ. చదువుకున్నదాన్ని కదా, దండని బట్టి సగం విషయం గ్రహించేశాను. మిగతా సగం కోసం అటెండరు గంగరాజుని పిలిచాను.

"గంగరాజుగారూ, ఈవిడెవరండి?"

"ఆయ్, సత్యవేణి మేడమ్‌గారండి. ఈ డిపార్ట్‌మెంటు పెట్టిందే ఆవిడండి. మన జిల్లా ఆడవాళ్ళలో సైకాలజీ డాక్టరు చదువు చదివిన మొదటి మనిషండి."

"మరి ఇప్పుడు..."

గంగరాజు గట్టిగా నిట్టూర్చాడు. "ఎల్లిపోయారు కదండీ. శానా కాలమైందండి."

"అయ్యో! ఏం జబ్బు చేసిందండి?"

"మోకాళ్ళ నొప్పులండి. మెట్లెక్కలేకపోయేవారు. ఆఖర్న ఆరి తమ్ముడుగారొచ్చి కోటిలింగాల రేవుకి తీసుకెళ్ళిపోయారండి. ఆ రోజు కాలేజీ కాలేజీ అంతా ఏడిసిందండి."

ఇక్కడ మీరు నా పక్షాన కాస్త ఆలోచించాలి. రాజమండ్రి కోటిలింగాల రేవు పక్కనే శ్మశానం ఉంది. ఫలానా వాళ్ళని అక్కడికి తీసుకెళ్ళారంటే మా వైపు ఎవరికైనా ఒకటే తోస్తుంది. ఆ రేవు దగ్గర ఇళ్ళు కూడా ఉంటాయనీ, ఆ ఇళ్ళలో మనుషులు పప్పూ కూరా వండుకుని కాపురాలు చేస్తుంటారనీ నాకు తట్టలేదు. మోకాళ్ళ నొప్పులతో ఎవరైనా పోతారా అన్న అనుమానమూ రాలేదు. దండ సంగతి అంటారా? అది ఎప్పుడో ఉపాధ్యాయ దినోత్సవానికి పిల్లలు ముచ్చటపడి వేసిందట. తీయడానికి నిచ్చెన దొరక్క ఉండిపోయిందట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. తర్వాత అన్నీ తెలుస్తాయి.

మూర్తిగారిది బదిలీ మీద కొత్తగా వచ్చిన ప్రాణం. "పోయినావిడకి నివాళి పెడితే సభకి ఒక గాంభీర్యం వస్తుందండి" అని ఆయన ఇంకాస్త ఊపు ఇచ్చారు. నేను పాత కాలేజీ మ్యాగజైన్లు తిరగేసి సత్యవేణిగారి జీవితమంతా బట్టీ పట్టాను.

సభ రోజు హాలు కిటకిటలాడింది. వేదిక మీద బల్ల, బల్ల మీద ఫోటో, ఫోటో ముందు దీపం. నేను మైకు అందుకున్నాను. ఆ పూట నా నోట సరస్వతి నాట్యం చేసిందండి. పరాయి దేశాల ఆడవాళ్ళని చకచకా దాటించి, గొంతు తగ్గించి సత్యవేణిగారి దగ్గరికి వచ్చాను. విశాఖ వెళ్ళి చదువుకుంటానంటే 'పిచ్చి చదువు చదివిన పిల్లని ఎవరు చేసుకుంటారే' అని ఇంటిల్లిపాదీ ఎదురు తిరిగినా వెళ్ళిన వైనం చెప్పాను. ఆసుపత్రిలో సామాన్లు పడేసే గదిని అడిగి తీసుకుని, కడిగించి, పిల్లల కోసం మనోవైద్యం మొదలుపెట్టిన సంగతి చెప్పాను. పరాయి దేశపు తెలివి పరీక్షల్ని పక్కన పెట్టి మన పిల్లలకి మన భాషలో పరీక్షలు తయారు చెయ్యడం, తుపాను తర్వాత తీరంలో మత్స్యకారుల పల్లెలు పట్టుకు తిరగడం, అన్నీ చెప్పాను. ముందు వరసలో తల్లులు కొంగులతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. నాకైతే వెక్కిళ్ళే వచ్చాయి.

"అంతటి మహనీయురాలు నేడు మన మధ్య లేకపోవడం మన దురదృష్టం. వారి ఆత్మకు శాంతి కలగాలని రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

అందరూ లేచారు. చివరి వరసలో ఒక పెద్దావిడ చేతికర్ర మీద బరువు వేసి, పక్కమ్మాయి భుజం పట్టుకుని, అందరికంటే ఆలస్యంగా లేచింది. తల వంచుకుని ఎంతో శ్రద్ధగా నిలబడింది. పెద్దతనమంటే ఇలా ఉండాలి, మోకాళ్ళు సహకరించకపోయినా లేచింది చూడు అని మనసులో మెచ్చుకున్నాను కూడా.

ఒక స్థానిక విలేకరి ఆ దృశ్యాన్ని ఫోటో తీసుకున్నాడు. అతనికి మండపేటలో ఇంకో ఫంక్షనుంది, భోజనాలతో సహా. మౌనం ముగిసీ ముగియకుండానే బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

అందరూ కూర్చున్నారు. ఆ పెద్దావిడ మాత్రం కూర్చోలేదు. "ఎవరమ్మా పోయింది?" అని పక్కమ్మాయిని గట్టిగా అడగడం వేదిక మీదున్న నాకూ వినపడింది.

"ఆ ఫోటోలో ఆవిడండి."

పెద్దావిడ కర్ర టకటకలాడించుకుంటూ వేదిక దాకా వచ్చింది. నల్లటి కళ్ళజోడు సవరించుకుని ఫోటోని కిందనుంచి పైదాకా చూసింది.

"ఈ చీర ఏమైపోయిందా అని ఇన్నాళ్ళూ వెతుకుతున్నాను" అంది. తర్వాత నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగింది: "అమ్మాయ్, నేనెప్పుడు పోయానమ్మా?"

ఫోటోలో చూపే ఎదురుగా నిలబడి నన్ను చూస్తోంది. ఏదో ఒకటి అనాలి కదా, అన్నాను. దేవుడా, మైకు ఆపడం మరిచిపోయి అన్నాను.

"శానా కాలమైందండి... గంగరాజుగారు చెప్పారండి."

"నేనెందుకు చెబుతానండీ బాబూ!" అప్పుడే గుమ్మంలోకి వచ్చిన గంగరాజు గుండెలు బాదుకున్నాడు. "ఎల్లిపోయారన్నానండి! పోయారన్లేదండి!"

వెనక ఎవరో అమ్మాయి కెవ్వుమంది. మూర్తిగారు పరువు కాపాడదామని ముందుకు దూకారు. సన్మానం చేస్తే సర్దుకుంటుందని ఆయనకి తోచింది. చేతికందిన దండ తీసి ఆవిడ మెడలో వేసేశారు. చేతికందిన దండ ఏదంటారా? ఫోటోకి ఉన్నదే.

అప్పుడు నవ్వింది చూడండి సత్యవేణిగారు! కర్ర బల్లకి ఆనించి, దండ సర్దుకుని, రెండు చేతులతో కడుపు పట్టుకుని నవ్వింది. ఆవిణ్ణి చూసి హాలంతా పగలబడింది. ఏడ్చిన తల్లులే అందరికంటే ఎక్కువ నవ్వారు. నేనొక్కదాన్నే నవ్వలేదు. నేల చీలి నన్ను లోపలికి తీసుకెళుతుందేమోనని ఎదురుచూస్తున్నాను. అది చీలలేదు.

సత్యవేణిగారు నా చేతిలోంచి మైకు తీసుకున్నారు. "ఈ సభ కబురు పాత శిష్యురాలు ఎవరో ఫోన్లో పంపితే, ఏదో సెమినారనుకుని నా సంతాప సభకి నేనే బస్సెక్కి వచ్చానమ్మా" అన్నారు. "మౌనం ఇంకెవరి కోసమో అనుకుని నేనూ లేచాను. ఈ అమ్మాయి నా గురించి అన్నీ సరిగ్గానే చెప్పింది. చావొక్కటే తప్పు."

ఆ తర్వాత చాలాసేపు మాట్లాడారు. చదువు పూర్తిచేసి వచ్చిన కొత్తలో తన గది ముందు 'పిచ్చి డాక్టరు' అని బొగ్గుతో రాసిపోయేవారట. చెరిపించలేదట. "చిరునామా వెతుక్కునే పని తప్పిందమ్మా రోగులకి" అన్నారు. నేను మాత్రం వేదిక పక్కన నీళ్ళ డ్రమ్ము వెనక కూర్చుని, ఇంక ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేనని తీర్మానించుకున్నాను. అంతటితో కథ అయిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే మూర్తిగారి ఫోను.

"శిరీషగారూ, పేపరు చూశారాండి? జిల్లా పేజీ."

చూశాను. మేమంతా తలలు వంచుకుని నిలబడ్డ ఫోటో. పైన పెద్దక్షరాలు: 'తొలి మహిళా సైకాలజిస్ట్ సత్యవేణికి కన్నీటి నివాళి'. మండపేట భోజనాలకి వెళ్ళిన విలేకరికి తర్వాత జరిగింది తెలియదు కదా!

"మీరు వెంటనే రాజమండ్రి వెళ్ళాలండి" అన్నారు మూర్తిగారు. "ఎవరేమన్నా సరే, కాళ్ళు మాత్రం వదలకండి."

బస్సు దిగి కోటిలింగాల రేవు దారి పట్టాను. వీధి మొదట్లోనే తెలిసిపోయింది ఇల్లేదో. గేటు బయట చెప్పులు కుప్పలుగా ఉన్నాయి. షామియానా కర్రలు దించుతున్నారు. ఆటో ట్రాలీలో పెద్ద గాజు ఐస్ పెట్టె వచ్చి ఆగింది. ఎవరో దూరపు బంధువు అభిమానం కొద్దీ ఫోను చేసి పంపించాడట. దాన్ని దింపుతున్న మనిషి వరండాలో వాలుకుర్చీలో కూర్చున్న పెద్దావిణ్ణి అడుగుతున్నాడు.

"బాడీ ఎక్కడుందండి?"

"నేనేనయ్యా" అన్నారు సత్యవేణిగారు. "ఇంకాస్త టైముంది. ఎండన పడి వచ్చావు, మజ్జిగ తాగి వెళ్ళు."

అతను మజ్జిగ తాగలేదు. పెట్టె కూడా తీసుకెళ్ళకుండా పరుగెత్తాడు. "కామేశ్వరీ, పెట్టె చల్లగానే ఉన్నట్టుందే, వచ్చినవాళ్ళకి మజ్జిగ బిందె అందులో పెడదామా?" అని తమ్ముడి భార్యని అడిగారు సత్యవేణిగారు. "రామ రామ! వదినగారూ, మీరు ఊరుకోండి!" అని కామేశ్వరిగారు చెంపలేసుకున్నారు.

నేను వెళ్ళి కాళ్ళ మీద పడ్డాను. "మేడమ్, తప్పయిపోయిందండి. పేపరు వాళ్ళకి ఫోన్ చేసేశానండి. మీరు ఊ అంటే రేపటి పేపర్లోనే సవరణ వేస్తామన్నారండి."

"లే, ముందు ఆ కుర్చీలో కూర్చో" అన్నారావిడ. "వచ్చేవాళ్ళకి బతికే ఉన్నానని గేటు దగ్గరే చెప్పెయ్యి. మెల్లగా చెప్పు. పాపం గుండె జబ్బుల వాళ్ళుంటారు."

అలా నేను గేటు దగ్గర నిలబడి, ఏడుస్తూ వచ్చిన ప్రతి మనిషికీ "లేదండి, ఉన్నారండి" అని చెప్పే ఉద్యోగంలో చేరాను. అది గెస్ట్ ఉద్యోగం కంటే కష్టం. కొందరు నమ్మలేదు. ఒకాయన 'పేపర్లో వేశారు కదమ్మా' అని నాతోనే వాదించాడు.

అంతలో అంతర్వేది వైపు నుంచి ఒక పెద్దామె వచ్చింది. పేరు మరిడమ్మ. వీధి మలుపు నుంచే శోకాలు మొదలుపెట్టింది. "ఎల్లిపోయావా తల్లీ! మమ్మల్నొగ్గేసి ఎల్లిపోయావా!" నన్ను తోసుకుని లోపలికి వెళ్ళి, వాలుకుర్చీలో ఆవిణ్ణి చూసింది. మరుక్షణం శోకం కాస్తా తిట్లలోకి దిగింది.

"ఇదేం పనమ్మా! బతికుండి ఇంత ఏడిపిత్తావా! రెండు బస్సులు మారి వచ్చాను, దారంతా ఏడుత్తానే ఉన్నాను!"

"కూర్చో మరిడమ్మా, కూర్చో" అని సత్యవేణిగారు ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. మరిడమ్మ ఆ చెయ్యి వదల్లేదు. నా వైపు చూసి చెప్పడం మొదలుపెట్టింది.

"తుపానప్పుడు మా ఆయన, మా పెద్దోడు వేటకెళ్ళి తిరిగి రాలేదమ్మా. నాకు మాట పడిపోయింది. ఏడుపూ రాదు, మాటా రాదు. ఈయమ్మ వారం వారం బస్సెక్కి వచ్చేది. ఏమీ అడిగేది కాదు. నా పక్కన ఇసకలో కూకుని వల బాగుచేసేది. ఈయమ్మకి ముడెయ్యడం రాదు. ఈవిడెళ్ళాక ఆ ముళ్ళన్నీ నేనే ఇప్పుకునేదాన్ని. ఓ రోజు ఒళ్ళు మండి 'అలా కాదమ్మా!' అని అరిచాను. అదే నా మొదటి మాట. ఆ తర్వాత పొద్దుగూకేదాకా ఏడిశాను."

"మేడమ్, కావాలనే తప్పు ముళ్ళు వేసేవారాండి? అది వైద్య పద్ధతాండి?" అని అడిగాను.

"లేదమ్మా" అన్నారావిడ సిగ్గుపడుతూ. "నాకు నిజంగానే రాదు."

తర్వాత పోలవరం ప్రాజెక్టులో ఇంజినీరుగా పనిచేసే శ్రీనివాస్‌గారు కారు దిగారు. సత్యవేణిగారిని చూసి అంత పెద్దమనిషీ గుమ్మంలోనే కూలబడిపోయారు. చిన్నప్పుడు బళ్ళో ఆయన్ని మొద్దని తేల్చేశారట. తెలివి పరీక్షలో ఏదో చలిదేశపు బొమ్మ చూపించి ఇదేమిటని అడిగారట. గదిలో గోడలోపల మంట మండుతోంది. చలి కాచుకునే పొయ్యి అది. మన కుర్రాడికి ఏం తెలుసు? "ఎవరో కొంప అంటించేశారండి" అని జవాబిచ్చాడట.

"మాస్టార్లందరూ నవ్వారండి" అన్నారు శ్రీనివాస్‌గారు. "మేడమ్ నవ్వలేదు. 'వాడు చెప్పింది నిజమే కదండీ, మన ఇళ్ళలో అలా మంట కనబడితే ఏం చేస్తారు? నీళ్ళు తెస్తారా, మార్కులు వేస్తారా?' అని వాళ్ళనడిగారు. మళ్ళీ వారం పంట కాలువ, బల్లకట్టు, తాటిముంజెల బొమ్మలు గీయించి తెచ్చారండి. వాటికి నేను చెప్పిన జవాబులు చూసి మా నాన్న నన్ను బడి మాన్పించడం మానుకున్నాడు."

ఆ రోజంతా అలాగే వస్తూనే ఉన్నారు. కూతుర్ని వెంటబెట్టుకుని ఒకామె, మనవణ్ణి ఎత్తుకుని ఇంకొకామె. ఒకరి మాట ఒకరు వింటూ, ఎవరి కథ వాళ్ళు చెప్పుకుంటూ కూర్చున్నారు. సత్యవేణిగారు మధ్య మధ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. జనం కాస్త పలచబడ్డాక నన్ను దగ్గరికి పిలిచారు.

"మన పనిలో ఒక చిత్రముందమ్మా. కాలు విరిగినవాడు బాగయ్యాక డాక్టరుకి మామిడిపళ్ళు తెచ్చిస్తాడు. మనసు బాగైనవాళ్ళు మళ్ళీ మన గడప తొక్కరు. ఆ రోజులు గుర్తు చేసుకోవాలని ఎవరికుంటుంది? రాకపోవడమే బాగైనట్టు గుర్తు. నాకూ తెలుసది. అయినా ముసలితనంలో ఒక్కోసారి అనిపించేది, ఇంతా చేసి నేనెవరికైనా అక్కరకొచ్చానా అని."

ఆ క్షణంలో నా తప్పు నాకే కాస్త ముద్దొచ్చింది. సంబరంగా ఫోను తీశాను.

"ఇక సవరణ వెయ్యమని చెప్పేస్తానండి మేడమ్."

ఆవిడ చటుక్కున నా చెయ్యి పట్టుకున్నారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"రేపటిదాకా ఆగమ్మా. ఇంకా ద్రాక్షారామం వాళ్ళు రాలేదు."

సవరణ మూడో రోజుకి పడింది. ఈలోగా సంగతి కోనసీమ దాకా పాకింది. మా కాలేజీకి ఫోన్లు వరసకట్టాయి. "పోయినావిడ లేచొచ్చి మాట్లాడిందటండి, ఆ కాలేజీయేనాండి?" అని అడిగేవారు. "అవునండి, సైకాలజీ గ్రూపండి" అనేవారు మూర్తిగారు గర్వంగా, ఆ దండ వేసింది ఆయన కానట్టు. ఆ ఏడు చేరిన అమ్మాయిలకి బెంచీలు చాలక కామర్స్ వాళ్ళని అడిగి తెచ్చుకున్నాం. గ్రూపూ నిలిచింది, గెస్టూ నిలిచింది. సత్యవేణిగారు మంగళవారాలు వచ్చి పాఠం చెబుతానన్నారు. మధ్యాహ్నం పూట, మనసు బాగోలేని వాళ్ళెవరొచ్చినా మాట్లాడ్డానికి కింద, మెట్లెక్కనక్కర్లేని గది ఒకటి తీసుకున్నారు. ఆ గదిలో ఆవిడ పక్కన కూర్చునే నేను అసలు సైకాలజీ నేర్చుకున్నాను.

మొదటి క్లాసులో ఒక గడుగ్గాయి లేచి అడిగింది. "మేడమ్, హాయిగా ఇంట్లో ఉండక, ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ పాఠాలెందుకండి?"

సత్యవేణిగారు సుద్దముక్క చేతిలోకి తీసుకుని, నా వైపు ఒక్క చూపు చూసి, చెప్పారు.

"ఏం చెయ్యనమ్మా, పోయాక బొత్తిగా తోచడం లేదు."

కాబట్టి మహాజనులారా, ఈ గోదావరి మీద ఆన పెట్టి చెబుతున్నాను. నా కంఠంలో ప్రాణముండగా ఎవరినీ వాళ్ళ అనుమతి లేకుండా కీర్తిశేషుల్లో కలపను. ఎంతటి మహనీయులకైనా సరే, మైకు ముట్టుకునే ముందు స్వయంగా వాళ్ళింటికి వెళతాను. తలుపు కొడతాను. వాళ్ళే వచ్చి తలుపు తీస్తే, సంతాప వాక్యాలు అక్కడికక్కడే మింగేసి, ఒక గ్లాసు కాఫీ అడుగుతాను.